గేరు మార్చడం వచ్చా మామయ్యా?

కార్ల ఛేజు వున్న సినిమా వచ్చినప్పుడల్లా "కథానాయకుడు మెరుపులా గేరు మార్చి దూసుకుపోయాడు" అని ఎన్నిసార్లు రాశానో నాకే లెక్కలేదు. గేరు మెరుపులా మారదనీ, అలా మార్చబోతే ఇంజను బద్దలవుతుందనీ అరవై దాటాక, అదీ మేనల్లుడి చేత చివాట్లు తింటూంటే గాని తెలిసి రాలేదు. సినిమా పత్రికలో ఈ కార్ల గొడవేమిటని విసుక్కోకండి. సినిమా కూడా దారిలోనే తగులుతుంది.

కిందటి వేసవిలో అమెరికాలో, కనెక్టికట్‌లో వున్న మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. బావ పోయిన తర్వాత వెళ్ళడం అదే మొదలు. ఇల్లు ఎలా వుండేదో అలాగే వుంది. కారు షెడ్డులో గుడ్డ కప్పుకుని ఆయన డాట్సన్ కూడా అలాగే వుంది.

ఆ కారు గురించి కాస్త చెప్పాలి. డాట్సన్ 240జెడ్. జపాన్ నిస్సాన్ కంపెనీ వాళ్ళ రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. 1970లో అమెరికాలో దాని ధర 3,526 డాలర్లు. బారైన ముక్కు, కురచ తోక. ముక్కు కింద ఆరు సిలిండర్ల 2.4 లీటర్ల ఇంజను, రెండు కార్బురేటర్లు. గేర్లు నాలుగే. జపాన్‌లో దీని పేరు ఫెయిర్‌లేడీ జెడ్. ఆ పేరు వెనక ఓ నాటకం వుందండోయ్! నిస్సాన్ అధ్యక్షుడు కవమాతా అమెరికా వచ్చినప్పుడు 'మై ఫెయిర్ లేడీ' సంగీత నాటకం చూసి ముచ్చటపడి తమ స్పోర్ట్స్ కార్లకి ఆ పేరు పెట్టించాడు. అమెరికాలో వ్యాపారం చూసే కతయామాకి మాత్రం అది రుచించలేదు. ఆ పేరు పీకేయించి, 240జెడ్ అని అంకె పేరుతోనే అమ్మించాడు.

మా బావ ఉద్యోగంలో చేరిన కొత్తలో దాన్ని సెకండ్‌హాండ్‌లో కొన్నారు. నాకు రాసే ఉత్తరాల్లో అక్కయ్య ఒంట్లో ఎలా వుందో ఒక వాక్యం, కారు ఒంట్లో ఎలా వుందో ఒక పేజీ వుండేది. అక్కయ్య ఇప్పటికీ చెబుతుంది: "ఆఫీసు నుంచి వస్తూ మన వీధి మలుపులో ఆయన గేరు తగ్గించే చప్పుడు వినిపించేదిరా. అది చెవిన పడగానే పెనం మీద పెసరట్టు వేసేదాన్ని. బూట్లు విప్పి లోపలికొచ్చేసరికి అట్టు తయారు."

ఆయన పోయాక మా మేనల్లుడు రెండేళ్ళు తిప్పలుపడి ఆ ఇంజను మొత్తం విప్పించి బాగుచేయించాడు. వాడి ఉద్యోగం కంప్యూటర్ల మీద, మనసు ట్రాకు మీద. సెలవు దొరికితే చాలు, హెల్మెట్ పట్టుకుని లైమ్‌రాక్ పరుగెత్తుతాడు. అక్కడ కొత్తవాళ్ళ పక్కన కూర్చుని నేర్పే వాళ్ళలో వాడొకడు. ఒక రాత్రి భోజనాల దగ్గర "మామయ్యా, నాన్న కారు నడుపుతావా? ట్రాకు మీద?" అన్నాడు. గొప్పకి పోయి "ఓ!" అన్నాను. అక్కయ్య పులుసు గరిటె గాల్లోనే ఆపి నా వంక చూసింది.

న్యూమన్ పెరటి తోట

నేను అంత తొందరగా "ఓ" అనడానికి కారణం కారు కాదు, లైమ్‌రాక్ అన్న పేరు. అంటే పాల్ న్యూమన్!

ఆయన నీలికళ్ళ మీద పేజీలు రాసిన తరం మాది. ఆ న్యూమన్ 1969లో వచ్చిన 'విన్నింగ్' అనే రేసు సినిమాలో వేషం కోసం బాబ్ బాండ్యురెంట్ అనే రేసు డ్రైవరు పెట్టిన బడిలో పాఠాలు నేర్చుకున్నాడు. సినిమా విడుదలైపోయింది గాని పిచ్చి వదల్లేదు. 1972లో, నలభై ఏడేళ్ళ వయసులో, నిజం రేసుల్లో దిగాడు. రేసుల్లో పేరు 'పి. ఎల్. న్యూమన్' అని రాయించుకునేవాడు. ఏళ్ళ తరబడి డాట్సన్లే తోలాడు. 1979లో ఫ్రాన్సులో లెమాన్ 24 గంటల రేసులో ఆయన జట్టు పోర్షే కారులో రెండో స్థానం కొట్టింది. 1995లో, డెబ్భయ్యో ఏట, డేటోనా 24 గంటల రేసులో తమ తరగతిలో గెలిచిన జట్టులో వున్నాడు. కాపురం కనెక్టికట్‌లోనే గనక లైమ్‌రాక్ ఆయనకి పెరటి తోట లాంటిది. 2008 సెప్టెంబరులో పోయారు. అంతకు ముందు నెలలో కూడా అక్కడికొచ్చి తన కొర్వెట్‌లో కొన్ని చుట్లు తిరిగి వెళ్ళారు. ఆ దారిలో నేను కూడా తిరుగుతానంటే ఎవరు కాదంటారు చెప్పండి!

లైమ్‌రాక్ పార్కు 1957లో మొదలైంది. చుట్టు ఒకటిన్నర మైలు. స్టేడియంలో లాగా మెట్లేవీ లేవు. మన తిరునాళ్ళలో తోలుబొమ్మలాట చూసినట్టు గడ్డి గట్ల మీద దుప్పట్లు పరుచుకుని చూడ్డమే. ఆదివారం మాత్రం రేసులు లేవు. పక్కనే చర్చి వుంది. 1959లో కోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఇప్పటికీ నడుస్తోంది. మాకు దొరికింది ఒక శుక్రవారం.

ఆ శుక్రవారానికి ముందు పది రోజులు షెడ్డులో నా చదువు.

నాకు కారు నడపడం రాదా అంటే వచ్చు. మద్రాసులో, కోడంబాకంలో, ఒక ప్రొడక్షన్ ఆఫీసు అంబాసిడర్ మీద నేర్చుకున్నాను. ఆ కారు డ్రైవరే గురువు. అందరం "అన్నా" అని పిలిచేవాళ్ళం. ఆ బండికి గేరు కర్ర స్టీరింగు పక్కనే వుండేది. ఫస్టు గేరుకి సింక్రో లేదు గనక బండి పూర్తిగా ఆగితే తప్ప అందులో పడదు. కదులుతూండగా తోస్తే పళ్ళు నూరేది. అన్న మాత్రం కదులుతున్న బండిలోనే వేసేవాడు. చెప్పులు విడిచి, వట్టికాళ్ళతో క్లచ్ తొక్కి, కర్రని న్యూట్రల్‌కి తెచ్చి, క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ ఒక్కసారి 'ఝుం' అనిపించి, మళ్ళీ క్లచ్ తొక్కి లోపలికి... చప్పుడు లేకుండా జారిపోయేది. లారీ డ్రైవర్లు డబుల్ క్లచ్ అంటారు. ఏమిటన్నా ఇది అంటే "ఇంజనుకి చెప్పి మార్చాలబ్బాయ్. చెప్పకుండా మారిస్తే అరుస్తది" అన్నాడు. నేను నవ్వి వూరుకున్నాను. ఆ తర్వాత కొన్న కార్లన్నిటికీ అన్ని గేర్లకీ సింక్రో వుంది గనక చెప్పడం అవసరం లేదనుకున్నాను.

మా వాడు షెడ్డులో మొదట చెప్పిందీ అదే మాట. గేరు పెట్టెలో ఒక వైపు ఇంజను తిప్పితే తిరుగుతుంది, ఇంకో వైపు చక్రాలు తిప్పితే తిరుగుతుంది. గేరు మార్చడమంటే ఆ రెండు వేగాలకీ కొత్త లెక్కలో జత కుదర్చడం. సింక్రో ఉంగరాలు ఆ జత కుదర్చడానికే వున్నాయి గాని, అవి రాపిడి మీద పనిచేస్తాయి. వాటికి ఒక క్షణం కావాలి. పాత కారులో కాస్త ఎక్కువ క్షణం కావాలి. పొద్దున్నే గేరు ఆయిలు చల్లగా చిక్కగా వుంటే మరీను.

మూడో గేరులో నిమిషానికి 6000 చుట్లు తిరుగుతున్న ఇంజను, నాలుగులోకి మారితే అదే వేగానికి సుమారు 4200 తిరిగితే చాలు. కాలు తీస్తే అది దానంతటదే దిగుతుంది. మనం చేయవలసింది ఆగడం, అంతే. చిక్కంతా కిందికి దింపేటప్పుడే. నాలుగులో 3000 తిరిగేది మూడులో 4200 తిరగాలి. అది తనంతట తాను పెరగదు. మనం పెంచకుండా క్లచ్ వదిలేశామా, ఆ ఇంజన్ని వెనక చక్రాలు ఈడ్చి తిప్పాలి. కారు గుర్రంలా ఒక్క కుదుపు కుదుపుతుంది. మామూలు రోడ్డు మీద అయితే పక్కన కూర్చున్న వాళ్ళు తిడతారు, పోతుంది. ట్రాకు మీద మలుపు ముందు గట్టిగా బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందుకి వాలి, వెనక చక్రాలు అసలే తేలికపడి వుంటాయి. ఆ కుదుపుకి వాటి పట్టు తప్పితే కారు బొంగరమే.

సరే, ఇంజన్ని పెంచాలి. కుడికాలు బ్రేకు మీద వుంది, ఎడమకాలు క్లచ్ మీద వుంది. మరి యాక్సిలరేటర్ ఎవరు తొక్కాలి? ఆ కుడికాలే! పాదం ముందు భాగం బ్రేకు మీద ఒత్తిడి రవ్వంత కూడా సడలించకుండా, పాదం కుడి అంచుని పక్కకి వాల్చి యాక్సిలరేటర్‌ని ఒక్క తట్టు తట్టాలి. హీల్ అండ్ టో అంటారు దీన్ని. కూచిపూడి తరంగంలో పళ్ళెం అంచున కాళ్ళు, నెత్తిన నీళ్ళ చెంబు వుంటాయి చూడండి, నాకు అదే గుర్తొచ్చింది. నా లావుపాటి బూటు ఒకేసారి రెండు పెడల్సూ తొక్కేస్తోందని మా వాడు తన పలచటి అడుగు బూట్లు ఇచ్చాడు. అన్న వట్టికాళ్ళ రహస్యం నలభై ఏళ్ళకి అర్థమైంది.

తెర మీది గేర్లు

రాత్రిళ్ళు షెడ్డులో కాళ్ళు ఆడించి అలసిపోయి, హాల్లో కూర్చుని పాత రేసు సినిమాలు మళ్ళీ చూశాను. ఈసారి చెవులతో చూశాను.

'బుల్లిట్', 1968. స్టీవ్ మెక్వీన్ మస్టాంగ్ ఛేజు. ఆ కారుకి వున్నవి నాలుగు గేర్లు. చప్పుడు వింటూ లెక్కపెట్టండి, పైకి మారుతూనే వుంటాయి! ఆ సినిమాకి ఎడిటింగులో ఆస్కార్ వచ్చింది. న్యాయమే, ఆ పది నిమిషాలు మనల్ని కుర్చీ అంచున కూర్చోబెట్టాయి. కాని అది గేరు పెట్టె చప్పుడు కాదు, థియేటరు కోసం వండిన చప్పుడు.

1966 నాటి 'గ్రాండ్ ప్రీ' వేరు. దర్శకుడు ఫ్రాంకెన్‌హైమర్ నటుల్ని నిజం ట్రాకుల మీద నిజం కార్లలో కూర్చోబెట్టాడు. చిన్న ఫార్ములా కార్లకి పెద్ద కార్ల తొడుగులు వేయించాడు, అది వేరే సంగతి. జేమ్స్ గార్నర్‌కి నేర్పింది కూడా ఆ బాండ్యురెంటే. గార్నర్ మొహం చూడండి, మలుపు ముందు ఏ హావభావమూ వుండదు. పని చేసుకునే మనిషి మొహం అది.

ఇక మెక్వీన్‌ని తక్కువ చేశాననుకోకండి. 1970 మార్చిలో సెబ్రింగ్ 12 గంటల రేసులో, పీటర్ రెవ్సన్‌తో కలిసి పోర్షే 908 తోలి రెండో స్థానంలో వచ్చాడు. అప్పుడాయన ఎడమకాలికి ప్లాస్టర్ కట్టు! మోటార్‌సైకిల్ మీద విరగ్గొట్టుకున్నాడు. ఎడమకాలంటే క్లచ్ కాలు. కట్టుతో అన్ని గంటలు క్లచ్ తొక్కిన మనిషి తెర మీద గేరు కర్రని ఎలా ఆడిస్తే మనకేం?

మన పాత చిత్రాల సంగతి చెప్పనే అక్కర్లేదు. స్టూడియోలో సగం కోసిన కారు, వెనక తెర మీద పరుగెత్తే రోడ్డు. రోడ్డు తిన్నగా వుంటుంది, హీరోగారు స్టీరింగు మాత్రం అటూ ఇటూ తిప్పేస్తూంటారు. గేరు ముట్టుకున్న పాపాన పోరు. అయినా ఆ పాటలు మనకి ఇష్టమే, నాకూ ఇష్టమే.

గోడ

శుక్రవారం పొద్దున్నే ముగ్గురం బయల్దేరాం. అక్కయ్య ఫ్లాస్కు, దుప్పటి తీసుకుని ఎదురుగా గట్టు మీద చెట్టు కింద కూర్చుంది. నేను హెల్మెట్ పెట్టుకుని ఎడమ సీట్లో, మా వాడు కుడి సీట్లో. ఇద్దరికీ చెవుల్లో మైకులు.

మొదటి దఫా ఇరవై నిమిషాలు. వర్ణించను. రెండుసార్లు గర్ర్‌మంది, నాలుగుసార్లు కుదిపింది. మెయిన్ స్ట్రెయిట్ చివర బిగ్‌బెండ్ అనే కుడి మలుపు వస్తుంది. దానికి ముందు బ్రేకు వేసి నాలుగు నుంచి మూడుకి దింపాలి. నేను యాక్సిలరేటర్ తట్టేటప్పుడల్లా బ్రేకు మీద కాలు వదులవుతోంది. కారు ఒక్కసారి ముందుకి గెంతుతోంది. గట్టు ఎక్కే మలుపు పైన చక్రాలు తేలికవుతాయి, అక్కడ గేరు కర్ర జోలికి పోవద్దని మా వాడు ముందే ఆంక్ష పెట్టాడు. "తొందరేం లేదు మామయ్యా, మనకి ఎవరూ ప్రైజు ఇవ్వరు" అన్నాడు, ఓర్పుగానే.

రెండో దఫాలో జరిగింది అసలు సంగతి.

స్ట్రెయిట్ మీద వెళుతున్నాం. మూడో గేరు, గంటకి తొంభై మైళ్ళ దరిదాపు, ఇంజను ఆరు వేలకి కాస్త తక్కువ. అద్దంలో ఒక కొత్త పోర్షే పెద్దదైపోతోంది. వాడు నన్ను దాటక ముందే నాలుగు వేసెయ్యాలనిపించింది. ఎందుకనిపించిందంటే నా దగ్గర జవాబు లేదు. చిన్నప్పటి నుంచి సినిమాలు చూశాను గనక అయ్యుంటుంది! క్లచ్ తొక్కి, కర్రని గుప్పిట బిగించి నా వైపుకి లాగాను.

ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. మన దేశంలో గేరు ఎడమ చేతికి వుంటుంది. లాగేటప్పుడు కర్ర మన ఒంటి వైపు జరిగితే, అంటే కుడికి జరుగుతుంది. అటు నాలుగే వుంటుంది, ప్రమాదం లేదు. అమెరికాలో కుడి చెయ్యి. ఒంటి వైపు అంటే ఎడమకి. ఎడమ పక్క కింద వున్నది రెండో గేరు! ఆ వేగంలో రెండులో పడి క్లచ్ వదిలితే, చక్రాలు ఇంజన్ని సుమారు తొమ్మిది వేల చుట్లు తిప్పుతాయి. దాని ఎర్రగీత ఏడు వేల దగ్గర. వాల్వులు వంగిపోతాయి, ఇంకా ఏమేం విరుగుతాయో విప్పి చూడాల్సిందే.

కర్ర దిగలేదు. గోడకి ఆనినట్టు ఆగింది. పాపం ఆ ఉంగరాలు రెండు వైపుల వేగాలకీ పొత్తు కుదరక అడ్డం పడుతున్నాయి. నేనేం చేశాను? ఇంకా గట్టిగా లాగబోయాను.

"చెయ్యి వదులు మామయ్యా! క్లచ్ వదలకు! చెయ్యి!"

చెవిలో అంత పెద్ద కేక ఎప్పుడూ వినలేదు. గుప్పిట విప్పేశాను. కర్ర దానంతటదే న్యూట్రల్‌కి వచ్చి నిలబడింది. కారు నిశ్శబ్దంగా దొర్లుతోంది. పోర్షే పక్కనుంచి వెళ్ళిపోయింది. "ఇప్పుడు అరచెయ్యి బయటికి తిప్పు. నీ నుంచి దూరంగా ఆనించి, రెండు వేళ్ళతో దించు." దించాను. నాలుగు పడింది. తర్వాత రెండు చుట్లు మేమిద్దరం మాట్లాడుకోలేదు.

బయటికొచ్చి కారు ఆపాక నా చేతులు వణుకుతున్నాయి. బావ కారురా, ఇంకొంచెం బలముంటే విరగ్గొట్టేవాణ్ణి అన్నాను. వాడు హెల్మెట్ తీసి బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడ్డాడు. "ఈ ఇంజను నేనెందుకు విప్పించాననుకున్నావు?" అన్నాడు. "ఇదే స్ట్రెయిట్. మూడు నుంచి నాలుగుకే. నాకు బలం ఎక్కువ మామయ్యా, పడింది. నాన్న పోయి అప్పటికి నాలుగు నెలలు. ఆయన చేతుల మీద అన్నేళ్ళు నడిచింది. నా చేతిలో ఒక్క క్షణం పట్టింది. పాతబడింది, బాగుచేయిస్తున్నానని అమ్మకి చెప్పాను."

ఇది రాయొచ్చునా అని తర్వాత వాణ్ణి అడిగాను, అక్కయ్య ఈ పత్రిక తెప్పించుకుంటుంది మరి. "రాయి మామయ్యా. అమ్మకి తెలిసే వుంటుంది. ఆ రోజు ఇంటికి కారు లారీ మీద వచ్చింది, చప్పుడు లేకుండా" అన్నాడు.

మధ్యాహ్నం మూడో దఫా. వేగం తగ్గించుకున్నాను. బ్రేకు పాతిక గజాలు ముందే మొదలుపెట్టాను. పైకి మార్చేటప్పుడు న్యూట్రల్‌లో కర్రని ఒక్క మాత్ర కాలం ఆపి, అరచెయ్యి బయటికి తిప్పి, రెండు వేళ్ళతో. ఎంత మెల్లగా అంటే, వాచీ కట్టుకుని చూసినా పాత పద్ధతికీ దీనికీ అరసెకను తేడా వుండదు. ఆ అరసెకనులోనే వుంది అంతా. కిందికి దించేటప్పుడు కాలి అంచుతో తట్టడం మొదటి రెండు చుట్లు ఎక్కువయింది, మూడో చుట్టు తక్కువయింది. నాలుగో చుట్టులో బిగ్‌బెండ్ ముందు బ్రేకు, క్లచ్, తట్టు, మూడు, క్లచ్ వదిలాను. ఏమీ జరగలేదు. కుదుపు లేదు, గెంతు లేదు. గేరు పడలేదేమోనని అనుమానమొచ్చి ముల్లు వంక చూశాను. 4200 దగ్గర హాయిగా నిలబడి వుంది.

మా వాడు ఏమీ అనలేదు. తర్వాత చుట్టంతా కూడా ఏమీ అనలేదు. మైకు పాడయిందేమోనని "ఒరేయ్, వున్నావా?" అన్నాను. "వింటున్నాను మామయ్యా, నడుపు" అన్నాడు.

సాయంత్రం గట్టెక్కి అక్కయ్య దగ్గర కూలబడ్డాను. ఫ్లాస్కులో కాఫీ ఇంకా వెచ్చగానే వుంది. ఎలా నడిపానే అని అడిగాను. దుప్పటి మడుస్తూ, కారు వంక చూస్తూ అంది:

"పొద్దున చప్పుడుకి అయితే పొయ్యి కూడా వెలిగించేదాన్ని కాదురా. ఆఖరిసారి మాత్రం... పిండి రుబ్బి వుంటే అట్టు వేసేసేదాన్నే."